షాఫ్టు బయట చేయించాలా, మన షెడ్డులోనే తీయాలా: జాబ్ వర్క్‌కి ఇచ్చే ముందు వేసుకోవాల్సిన లెక్క

ఒక చిన్న సెంట్రిఫ్యూగల్ పంపుల కంపెనీని తీసుకుందాం. నెలకు 500 పంపులు కడతారు. కాస్టింగులు ఫౌండ్రీ నుంచి వస్తాయి, బేరింగులు, సీళ్లు కొంటారు. పంపులో తిరిగే ఇరుసు, అంటే షాఫ్టు మాత్రం సొంత షెడ్డులోనే పాత లేత్ మీద తీసి (దీన్నే టర్నింగ్ అంటారు), సొంత గ్రైండర్ మీద ఫినిష్ చేస్తున్నారు. ఆ లేత్ ఇక సైజు పట్టడం లేదు. 24 లక్షలు పెట్టి సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే లేత్) కొనాలా, లేక బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఉన్న జాబ్ షాపుల్లో (మన మెటీరియల్ తీసుకుని కూలికి పని చేసిచ్చేవాటిలో) ఒకదానికి టర్నింగ్ పని అప్పగించాలా?

చాలామంది ఇద్దరు ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకుని, తక్కువ చెప్పినవాళ్లకి ఇచ్చేస్తారు. కొటేషన్ అసలు చూడాల్సిందే, కానీ అది మూడో మెట్టు. మొదటిది మన మెషీన్ ఏడాదికి ఎన్ని గంటలు నిజంగా తిరుగుతుందన్న లెక్క. రెండోది, బయటి నుంచి వచ్చిన పీసును మనం కొలవగలమా లేదా అన్నది. ఈ రెండూ తేలకుండా అడిగిన రేటుకి అర్థం లేదు.

ముందు మన గంట ఖరీదు

కింద వేసిన రేట్లు ఉదాహరణకే. మీ కరెంటు బిల్లు, జీతాల పుస్తకం, బ్యాంకు వడ్డీ చూసి అంకెలు మార్చుకోండి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

24 లక్షల మెషీన్‌ని 10 ఏళ్లకు పంచితే ఏడాదికి 2.40 లక్షలు. అప్పు తీరుతూ వస్తుంది కాబట్టి సగటు బాకీ 12 లక్షలు అనుకుని 10 శాతం వడ్డీ వేస్తే 1.20 లక్షలు. అది ఆక్రమించే చోటుకి అద్దె లక్ష. సర్వీసు, స్పేర్లు 60 వేలు. మొత్తం 5.20 లక్షలు. మెషీన్ తిరిగినా, గుడ్డ కప్పి ఉన్నా ఈ డబ్బు పోతుంది. ఆపరేటర్‌కి పీఎఫ్, ఈఎస్ఐ కలిపి నెలకు 22 వేలు అంటే ఏడాదికి 2.64 లక్షలు. పనిలేని రోజు ఆపరేటర్ని ఇంటికి పంపి జీతం కోయలేం, కనుక ఇదీ స్థిర ఖర్చే. వెరసి 7.84 లక్షలు.

ఇక గంటలు. 300 రోజులు, రోజుకి 8 గంటలు అంటే కాగితం మీద 2,400. అందులో సెట్టింగు, టూలు మార్చడం, కరెంటు పోవడం, సెలవులు, మొదటి పీసు సైజు కట్టడం పోగా 70 శాతం దక్కితే బాగా నడుస్తున్నట్టే. అంటే 1,680 గంటలు. కరెంటు గంటకి 48 రూపాయలు, ఇన్సర్టులు (మార్చుకునే కోత ముక్కలు), కూలెంట్ 40 రూపాయలు, కలిపి 88.

ఒక షిఫ్టు నిండా పని ఉంటే గంట ఖరీదు 467కి 88 కలిపి సుమారు 555 రూపాయలు. రెండు షిఫ్టులు నిండితే రెండో ఆపరేటర్ జీతం కలిపినా 400కి దిగుతుంది. ఏడాదికి 800 గంటల పనే ఉంటే 1,068కి ఎక్కుతుంది. అదే మెషీన్, అదే ఆపరేటర్. పీసు మీద లోడింగుతో కలిపి 7 నిమిషాలు పడితే, షాఫ్టు టర్నింగ్ ఖర్చు 47 రూపాయలు కావచ్చు, 65 కావచ్చు, 125 కూడా కావచ్చు. ‘మా దగ్గర చేసుకుంటే ఎంత పడుతుంది’ అన్న ప్రశ్నకి ఒకే జవాబు లేదని, గంటలు చెప్పకుండా జవాబు చెప్పకూడదని ఇందుకే అంటున్నాం.

బయటి రేటులో దాగినవి

జాబ్ షాపు పీసుకి 70 రూపాయలు అన్నదనుకుందాం. మెటీరియల్ మనది, లేబర్ వాళ్లది. దానికి ఇవన్నీ కలపాలి.

500 పీసుల లాటుకి బార్లు పంపడానికి, పీసులు తెచ్చుకోవడానికి బండి ఖర్చు 2,400 అంటే పీసుకి 4.80. వచ్చిన లాటును చెక్ చేసే మనిషికి సగం రోజు, పీసుకి 1.20. మన దగ్గర 1 శాతం రిజెక్షన్ వస్తుంటే బయట 3 శాతం వస్తుందనుకోండి. అదనపు 2 శాతానికి పోయే మెటీరియల్ పీసుకి 2.30. దారిలో, వాళ్ల షాపులో, మన గోదాములో కలిపి మూడు వారాల సరుకు అదనంగా నిలుస్తుంది. దాని మీద వడ్డీ 1.30. అంతా కలిపి సుమారు 80.

ఇంకొకటి ఉంది, దీన్ని దాదాపు అందరూ మరచిపోతారు: చిప్స్, అంటే టర్నింగులో రాలే ఉక్కు పొట్టు, ఎవరిది? 28 మి.మీ. ఈఎన్8 (షాఫ్టులకి వాడే ఉక్కు రకం) బారు మీటరుకి 4.83 కిలోలు. రంపపు కోతతో కలిపి పీసుకి 315 మి.మీ. పడుతుంది, అంటే 1.52 కిలోలు. టర్నింగ్ అయ్యాక షాఫ్టు బరువు 1.10. మిగిలిన 0.42 కిలో చిప్స్‌గా పోతుంది. 500 పీసులకి 210 కిలోలు. కిలో 30 రూపాయలకి అమ్మినా 6,300, పీసుకి 12.60. జాబ్ షాపు చిప్స్ ఉంచుకునే పద్ధతైతే మీ 80 రూపాయల షాఫ్టు నిజానికి 92.60. ఉంచుకోవడం తప్పేం కాదు, చాలాచోట్ల అదే ఆనవాయితీ. కానీ రేటు మాట్లాడేటప్పుడు ఆ మాట నోటితో అని, ఆర్డరు మీద రాయించాలి. 65 చెప్పి చిప్స్ ఉంచుకునేవాళ్ల కన్నా 72 చెప్పి చిప్స్ తిరిగిచ్చేవాళ్లు చవక.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. సొంతానికైతే ఏడాదికి 7.84 లక్షల స్థిర ఖర్చు, పీసుకి 10.27 చొప్పున కరెంటు, టూళ్లు. బయటైతే పీసుకి 80. 7,84,000ని 69.73తో భాగిస్తే సుమారు 11,250. ఏడాదికి అన్ని షాఫ్టులు, అంటే నెలకు 940 దాటితేనే కొత్త సీఎన్‌సీ కిట్టుబాటు. నెలకు 500 దగ్గర సొంతంగా చేస్తే ఏడాది ఖర్చు 8.46 లక్షలు, బయట 4.80 లక్షలు. ఈ కంపెనీ మెషీన్ కొనకూడదు. నెలకు 1,500 దాకా ఎదిగితే రెండు షిఫ్టుల మీద పీసు 68–69 రూపాయలకి వస్తుంది, అప్పుడు కొనాలి.

మెషీన్ ఇప్పటికే ఉంటే లెక్క వేరు

పైన వేసింది కొత్తగా కొనేవాళ్ల లెక్క. మెషీన్ ముందే ఉండి, ఆపరేటర్ జీతం ఎలాగూ ఇస్తూ, రోజూ మూడు గంటలు ఖాళీగా ఉంటే, ఆ ఖాళీలో తీసే షాఫ్టుకి అదనంగా అయ్యేది 10 రూపాయల చిల్లరే. అలాంటప్పుడు ‘మన గంట ఖరీదు 555, పీసుకి 65 పడుతోంది, బయట 60కే చేస్తానంటున్నారు’ అని పని బయటికి పంపడం పెద్ద పొరపాటు. తరుగు, వడ్డీ, జీతం తగ్గవు, పైగా 60 కొత్త ఖర్చు. తిరగేసి చూడండి: మెషీన్ నిండిపోయి, షాఫ్టు కోసం ఎక్కువ లాభమిచ్చే వేరే పని ఆగుతుంటే, ఆ ఆగిన పని లాభాన్ని షాఫ్టు ఖాతాలో వేయాలి. అప్పుడు బయట 90 పడినా ఇచ్చేయడమే మేలు.

కొన్ని పనులకు ఈ లెక్క కూడా అక్కర్లేదు. హీట్ ట్రీట్‌మెంట్, ప్లేటింగ్, కాస్టింగ్, స్ప్రింగులు, రబ్బరు భాగాలు చిన్న కంపెనీ బయటే చేయించుకోవాలి. ప్లేటింగ్ తొట్టి పెడితే కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు, మురుగు నీటి శుద్ధి నెత్తిన పడతాయి.

కొలవలేనిది బయటికి ఇవ్వొద్దు

ఈ షాఫ్టు మీద 6205 బేరింగు కూర్చుంటుంది. దాని లోపలి వ్యాసం 25 మి.మీ. షాఫ్టు మీద బేరింగు కూర్చునే చోటుకి, అంటే సీటుకి, డ్రాయింగులో కె6 ఫిట్ (బిగువును చెప్పే గుర్తు) ఇచ్చారనుకుందాం. అంటే 25.002 నుంచి 25.015 దాకా. మొత్తం వెసులుబాటు 13 మైక్రాన్లు (మైక్రాన్ అంటే 0.001 మి.మీ.). 0.01 మి.మీ. దాకా మాత్రమే చూపే మామూలు మైక్రోమీటరుతో దీన్ని కొలిచి ఓకే అనలేం. 0.001 చూపే మైక్రోమీటరు, దాన్ని సరిచూసుకునే సెట్టింగ్ మాస్టరు, లేదా సైజు లోపల ఉందో లేదో చెప్పే స్నాప్ గేజ్ కావాలి.

పరికరం ఉన్నా ఇంకో తిరకాసు. ఉక్కు ప్రతి డిగ్రీకీ మీటరుకి దాదాపు 11.5 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. గ్రైండరు మీంచి అప్పుడే దించిన షాఫ్టు చుట్టుపక్కల గాలి కన్నా 20 డిగ్రీలు వేడిగా ఉంటే, 25 మి.మీ. వ్యాసం మీద దాదాపు 6 మైక్రాన్లు పెద్దగా కనిపిస్తుంది. జాబ్ షాపులో వేడి మీద కొలిచి 25.004 అని రాసుకుంటారు. మన దగ్గరికి వచ్చి చల్లారాక అది 24.998. బేరింగు చేత్తో తోస్తేనే ఎక్కేస్తుంది. పంపు తిరిగాక లోపలి రింగు షాఫ్టు మీద జారి సీటును అరగదీస్తుంది. ఇద్దరి మైక్రోమీటర్లూ సరైనవే, ఇద్దరూ నిజమే చెబుతున్నారు, అయినా గొడవ. పీసు చల్లారాకే కొలవాలని డ్రాయింగు మీద ఒక్క వాక్యం రాస్తే ఇది ఆగుతుంది.

అందుకే ఈ కంపెనీకి మా సలహా సగం పనే బయటికి ఇవ్వమని. టర్నింగ్ బయట, బేరింగు సీట్ల గ్రైండింగు మన దగ్గర. బయట సీటును 25.30 దగ్గర, అటూ ఇటూ 0.05తో తీసివ్వమంటే చాలు. అది మామూలు మైక్రోమీటరుతో ఎవరైనా చూడగలరు, జాబ్ షాపు రేటు తగ్గుతుంది, రిజెక్షన్ దాదాపు ఉండదు. కస్టమరు చేతిలో పంపు పేరు నిలబెట్టే 13 మైక్రాన్లు మన చేతిలో ఉంటాయి. ఒక షరతు: రెండు చివర్లా సెంటరు రంధ్రాలు చెక్కుచెదరకుండా ఉండాలి. అవి దెబ్బతింటే గ్రైండరు మీద షాఫ్టు తిన్నగా తిరగదు, సీట్ల మధ్య రనౌట్ (తిరిగేటప్పుడు వచ్చే ఊగు) 0.02లోపు పట్టడం అసాధ్యం. కాబట్టి సెంటరు సైజు, కోణం డ్రాయింగులో ఇవ్వండి.

షాపు చూడటానికి వెళ్లినప్పుడు

కొత్త మెషీన్ల వరస చూసి మురిసిపోవద్దు. ముందు గేజీలు ఎక్కడ పెట్టారో చూడండి. వాటి మీద కాలిబ్రేషన్ తేదీ ఉందా, తేదీ దాటిందా? రిజెక్ట్ పీసులకు వేరే ఎర్ర డబ్బా, తాళం ఉందా, లేక మంచి పీసుల పక్కనే నేల మీద పడి ఉన్నాయా? బార్ల చివర గ్రేడును బట్టి రంగు వేశారా? రంగు లేని షాపులో మీ ఈఎన్8 బారు పక్కనున్న మైల్డ్ స్టీల్‌తో ఏదో ఒక రోజు కలిసిపోతుంది. చూపుకి రెండూ ఒకటే. గ్రైండింగు రాయికి తాకిస్తే ఈఎన్8కి నిప్పురవ్వలు చీలి పువ్వుల్లా ఎక్కువగా పేలతాయి, మైల్డ్ స్టీల్‌కి పొడుగ్గా, తక్కువ చీలికలతో వస్తాయి. ప్రతి లాటులో రెండు మూడు ముక్కలకి ఈ పరీక్ష చేసే అలవాటు పెట్టుకోండి, ఖర్చేమీ లేదు.

వాళ్లకి ఏటా వచ్చే పనిలో మీ వాటా ఎంతో అడగండి. నూటికి రెండు మూడు వంతులైతే హడావుడి వచ్చినప్పుడల్లా మీ పనే వెనక్కి పోతుంది. సగం దాటితే మీరు నెల ఆర్డరు ఆపిన రోజు ఆ షాపే ఇబ్బందిలో పడుతుంది, ఆ భారం మీ మీదా ఉంటుంది. పని మళ్లీ ఇంకొకరికి ఇస్తారా అని కూడా అడగండి. మీరు చూసిన షాపు ఒకటి, పీసులు వచ్చేది ఇంకో వీధిలోంచి అయితే మీరు చూసినదంతా వృథా. పండగలు లెక్కలో వేసుకోండి: సంక్రాంతికి మనవాళ్లు ఊళ్లకి పోతారు, దీపావళి, ఛఠ్ రోజుల్లో బిహార్, ఉత్తరప్రదేశ్ ఆపరేటర్లు వెళతారు. ఆ నెలల ముందు మూడు వారాల సరుకు అదనంగా పెట్టుకోవాలి.

మొదటి 500 పీసుల దాకా

డ్రాయింగు మీద రివిజన్ నంబరు, తేదీ ఉండాలి. వాట్సాప్‌లో ఫొటో పంపి ‘ఇది ఫాలో అవ్వండి’ అనడంతోనే సగం రిజెక్షన్లు మొదలవుతాయి. పాత ఫొటో ఆపరేటర్ ఫోనులో అలాగే ఉంటుంది. మార్పు వస్తే పాత ప్రింటు వెనక్కి తీసుకుని కొత్తది సంతకంతో ఇవ్వండి.

మొదట 5 పీసులు చేయించండి. డ్రాయింగులో ప్రతి కొలతకీ నంబరు వేసి సున్నా చుట్టి, జాబ్ షాపు కొలత, మన కొలత పక్కపక్కన రాయండి. తేడా వస్తే పీసు తప్పా, కొలిచే తీరు తప్పా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి, 500 వచ్చాక కాదు. తర్వాత 50. అవి గ్రైండింగు, అసెంబ్లీ దాటాకే పూర్తి లాటు.

500 లాటు వచ్చినప్పుడు అన్నీ కొలవనక్కర్లేదు. ఐఎస్ 2500 (నమూనా తనిఖీకి భారతీయ ప్రమాణం) పట్టిక ప్రకారం సాధారణ తనిఖీ రెండో స్థాయిలో 50 పీసులు తీయాలి. ఏక్యూఎల్ (ఒప్పుకోదగ్గ లోపాల శాతం) 1.0 అనుకుంటే ఒక్కటి చెడిపోయినా లాటు తీసుకోవచ్చు, రెండు చెడితే మొత్తం వెనక్కి. ఆ 50 పై వరసలోంచి కాకుండా అన్ని క్రేట్ల నుంచి, అడుగు నుంచి కూడా తీయండి.

క్రేట్ల మాట వచ్చింది కాబట్టి: షాఫ్టులు గోనె సంచిలో రావడానికి ఒప్పుకోవద్దు. ఒకదానికొకటి కొట్టుకుని సీట్ల మీద, థ్రెడ్ల మీద గాట్లు పడతాయి. ప్లాస్టిక్ వల తొడుగు, క్రేటు మీరే కొనిచ్చి తిప్పుకోండి. వానాకాలంలో తుప్పు నిరోధక నూనె పూయకపోతే చేతి చెమట తగిలిన చోట వేలిముద్ర ఆకారంలోనే తుప్పు లేస్తుంది.

ప్లేటింగ్ ఉన్న భాగాలకి ఇంకో జాగ్రత్త. 10 మైక్రాన్ల జింక్ పూత వ్యాసాన్ని 20 మైక్రాన్లు పెంచుతుంది. 60 డిగ్రీల థ్రెడ్ పిచ్ వ్యాసాన్ని (మరల మధ్య ఎత్తు దగ్గర కొలిచే వ్యాసాన్ని) 40 పెంచుతుంది. డ్రాయింగు కొలత పూతకి ముందా, తర్వాతా అని రాయకపోతే నట్టు ఎక్కదు. 12.9 గ్రేడు బోల్టుల లాంటి గట్టి ఉక్కుకైతే పూత వేసిన 4 గంటల్లోపు ఓవెన్‌లో 190–220 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచమని ఆర్డరులో రాయాలి, లేదంటే లోపలికి చేరిన హైడ్రోజన్ వల్ల బిగించిన తర్వాత ఎప్పుడో పుటుక్కున విరుగుతుంది.

కాగితాలు

మెటీరియల్ చలాను మీద కిలోలు మాత్రమే రాస్తే నెల తిరిగేసరికి లెక్క తేలదు. 6 మీటర్ల బారుకి 19 పీసులు వస్తాయి. ‘బార్లు 27, బరువు 783 కిలోలు, రావాల్సిన పీసులు 513, అందులో సెట్టింగుకి 13’ అని మూడు రకాలుగానూ రాయండి. ప్రతి లాటుకీ పీసులు, రిజెక్టులు, చిప్స్ కలిపి బరువు సరిచూడండి.

జీఎస్టీ చట్టం 143వ సెక్షన్ ప్రకారం పన్ను కట్టకుండా జాబ్ వర్క్‌కి పంపిన మెటీరియల్ ఏడాదిలోపు తిరిగి రావాలి, మెషీన్ల లాంటివైతే మూడేళ్లలోపు. గడువు దాటితే పంపిన రోజే అమ్మినట్టు లెక్కేసి పన్ను, వడ్డీ అడుగుతారు. డైలు, మౌల్డులు, జిగ్గులు, ఫిక్చర్లు, టూళ్లకి ఈ గడువు లేదు. వేరే రాష్ట్రానికి జాబ్ వర్క్‌కి పంపితే విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు ఉండాలి. టర్నోవరు 5 కోట్లు దాటినవాళ్లు ఐటీసీ-04 (జాబ్ వర్క్‌కి పంపిన, తిరిగొచ్చిన సరుకు వివరాల ఫారం) ఆరు నెలలకోసారి, మిగతావాళ్లు ఏడాదికోసారి వేయాలి.

చెల్లింపు గడువును తేలిగ్గా తీసుకోవద్దు. జాబ్ షాపు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయితే, 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. 90 రోజుల అరువు మీద లెక్క వేసుకుని పని బయటికి ఇస్తే ఆ లెక్క మొదట్లోనే తప్పు. పైగా సమయానికి డబ్బు అందే కస్టమరు పనినే ఏ షాపైనా ముందు ఎక్కిస్తుంది. అది సహజం, న్యాయం కూడా.

ఒప్పందంలో తప్పక ఉండాల్సినవి: జాబ్ షాపు తప్పు వల్ల పోయిన పీసుకి లేబర్ ఇవ్వకపోవడమే కాక మెటీరియల్ ధర కూడా వాళ్ల ఖాతాలో వేయడం, బారులోనే పగులు ఉంటే ఆ నష్టం మనదే అని ఒప్పుకోవడం, చిప్స్ ఎవరివి, మా అనుమతి లేకుండా వేరేచోట చేయించకూడదు, ఫిక్చర్లు, గేజీలు మావి, అడిగిన వారంలోపు తిరిగివ్వాలి. ఫిక్చర్ మీద మీ పేరు, నంబరు పంచ్ కొట్టించి, ఫొటో తీసి చలాను మీదే పంపండి. గొడవ వచ్చినప్పుడు ఆ చలానే సాక్ష్యం.

పాత లేత్‌ని వెంటనే తుక్కుకి వేయకండి. కనీసం మూడు లాటులు సజావుగా వచ్చేదాకా, ఆరు వారాల షాఫ్టులు అరలో నిండేదాకా ఉంచండి. కుదిరితే రెండో షాపుకి కూడా నూటికి ముప్పై వంతులు ఇచ్చి అలవాటు చేయండి, రేటు రెండు రూపాయలు ఎక్కువైనా సరే. ఆ 940 అన్న అంకెను ప్రొడక్షన్ బోర్డు మీద రాసి పెట్టండి. వరసగా మూడు నెలలు షాఫ్టుల అవసరం దాన్ని దాటితే, అప్పటి జీతాలు, అప్పటి కొటేషన్‌తో ఈ లెక్క మొదటి నుంచి మళ్లీ వేయండి.